కొత్త పికప్‌లో విజయవాడ స్టేషన్ ఎందుకు పలకడం లేదు?

2023 ఏప్రిల్‌లో అమెరికాలో ఫోర్డ్ కంపెనీ తన కొత్త బండ్లలో ఇకమీదట ఏఎం రేడియో (మనం మీడియం వేవ్ అనేది) ఉండదని చెప్పింది. రెండు నెలలు తిరక్కుండానే, మే నెలలో, ఆ మాట వెనక్కి తీసుకుంది. అప్పటికే ఏఎం లేకుండా అమ్మేసిన కరెంటు బండ్లకు కూడా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో తిరిగి ఇస్తామంది. ఆపద వేళ హెచ్చరికలు జనానికి చేరే దారుల్లో ఏఎం ఒకటని అక్కడి ప్రజాప్రతినిధులు పట్టుబట్టారు. ప్రతి బండిలో ఏఎం ఉండి తీరాలని అదే నెలలో అక్కడి కాంగ్రెస్‌లో బిల్లు కూడా పెట్టారు.

ఈమధ్య ఆ సంగతంతా తీరిగ్గా చదివాను. చదువుతున్నంతసేపూ మా బండ్లే గుర్తొచ్చాయి. మన దగ్గర రేడియో తీసేస్తున్నామని నాకు తెలిసినంతలో ఏ కంపెనీ ప్రకటించలేదు. ప్రకటించలేదు కాబట్టి గొడవా లేదు. స్క్రీన్ మీద బొమ్మ ఉంటుంది, నంబరు కనిపిస్తుంది, మాట మాత్రం వినపడదు.

నాకు గుంటూరులో చిన్న ట్రాన్స్‌పోర్టు ఉంది. ఒక పాత పికప్, రెండు కొత్తవి. సీజన్‌లో పల్నాడు ఊళ్ల నుంచి యార్డుకి మిర్చి, యార్డు నుంచి కోల్డ్ స్టోరేజీలకి టిక్కీలు (మిర్చి బస్తాలు). మిగతా రోజుల్లో ఏ కిరాయి దొరికితే అది. కొత్త బండ్లు వచ్చిన కొద్దిరోజులకే మా పెద్ద డ్రైవర్ (అందరం బాబాయ్ అంటాం) ఫిర్యాదు మొదలుపెట్టాడు. "పాత దాంట్లో వినుకొండ దాటినా విజయవాడ వినపడేది బాబూ. ఇందులో ఫిరంగిపురం కూడా దాటట్లేదు. మోత తప్ప మాట లేదు."

ఆయన చెప్పింది నిజమేనని తేలడానికి కొంత తిరగాల్సి వచ్చింది. తిరిగాక నాకు ఏర్పడిన అభిప్రాయం ఇది: కొత్త పికప్‌లలో రేడియో సరిగా రాకపోవడానికి ముఖ్య కారణం స్టేషన్ కాదు, కొండలు కాదు. బండిని గీసేటప్పుడే రేడియోని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. అమ్మేటప్పుడు లెక్కలోకి తీసుకుంటున్నారు, ఫీచర్ల జాబితాలో రాస్తున్నారు. సరుకు బండిలో రేడియో అలంకారం కాదు. రోజుకు పన్నెండు గంటలు ఒంటరిగా స్టీరింగ్ పట్టుకునే మనిషికి అది పనిముట్టు.

స్టేషన్‌లోనే లోపం ఉందేమో

మొదట రావాల్సిన అనుమానం అదే. ఆకాశవాణి దేశంలో చాలాచోట్ల మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లు మూసేసింది. ఉన్న చోట కూడా ఎప్పుడూ ఒకే జోరు ఉంటుందని అనుకోలేం. ఎఫ్ఎం సంగతి వేరు. విజయవాడ రెయిన్‌బో 102.2 మెగాహెర్ట్జ్ మీద వస్తుంది. ఆ తరంగం పొడవు మూడు మీటర్లు కూడా ఉండదు. దాదాపు చూపు ఎంత దూరం ఆనితే అంత దూరమే పోతుంది. మధ్యలో కొండవీడు కొండలు అడ్డొస్తే అటుపక్క సన్నగిల్లుతుంది. దానికి బండిని అనడం న్యాయం కాదు.

కానీ 837 కిలోహెర్ట్జ్ అలా కాదు. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ కేంద్రానిది వంద కిలోవాట్ల మీడియం వేవ్ ప్రసారం. తరంగం పొడవు 358 మీటర్లు. నేలని పట్టుకుని సాగుతుంది, చిన్న కొండల్ని లెక్కచేయదు. పగటిపూట వంద కిలోమీటర్లు దాటి వినపడాలి. పురాణ ప్రవచనాలు చెప్పిన ఉషశ్రీ గారి గొంతు పల్నాడు పల్లెల్లో ఇంటింటా మోగిందంటే ఈ తరంగం చలవే.

ఒక తెల్లవారుజామున పాత బండీ, కొత్త బండీ ఖాళీగా నరసరావుపేట వైపు వెళ్తుంటే, ఫిరంగిపురం దాటాక టీ కొట్టు దగ్గర పక్కపక్కన ఆపించాను. రెండింట్లోనూ 837 పెట్టాం. పాత దాంట్లో భక్తిరంజని వస్తోంది. అడుగున కాస్త గరగర ఉన్నా మాట మాటా తెలుస్తోంది. కొత్త దాంట్లో బుస్సుమని మోత. ఆ మోత వెనకాల పాట ఉందేమోనన్న అనుమానం, అంతే. బాబాయ్‌ని ఇంజన్ ఆపమన్నాను. ఆపగానే పాట తేలింది. హెడ్‌లైట్లు వేయమన్నాను. పాట మునిగిపోయింది. తీస్తే మళ్లీ తేలింది. టీ కొట్టు ఆయన కూడా గ్లాసులు కడగడం ఆపి వింటున్నాడు.

అంటే గాలిలో విజయవాడ ఉంది. ఆ బండి గడప దగ్గరే ఆగిపోతోంది.

భాయ్ చేతిలో ట్రాన్సిస్టర్

బాడీ పని మీద విజయవాడ ఆటోనగర్ వెళ్లినప్పుడు అక్కడ తెలిసిన ఒక ఎలక్ట్రీషియన్ భాయ్‌కి కొత్త బండి చూపించాను. ఆయన మీటరు తీస్తాడనుకున్నాను. అరచేతిలో పట్టే పాత ట్రాన్సిస్టర్ తీశాడు. మీడియం వేవ్‌లో ఏ స్టేషనూ లేని ఖాళీ చోట ముల్లు పెట్టి, సౌండ్ పెంచి, దాన్ని డ్యాష్‌బోర్డు వెంట మెల్లగా జరుపుతూ పోయాడు. స్టీరింగ్ దగ్గర ఏమీ లేదు. మొబైల్ ఛార్జర్ దగ్గరికి రాగానే జుయ్‌మంది. ఛార్జర్ పీకాడు, ఆగింది. గ్లవ్‌బాక్స్ వెనక మేం పెట్టించిన జీపీఎస్ డబ్బా దగ్గర టిక్ టిక్ టిక్. బానెట్ ఎత్తించి హెడ్‌లైట్ వెనక్కి చెయ్యి పోనిచ్చాడు. ట్రాన్సిస్టర్ అరిచిన అరుపుకి పక్క షెడ్డులో వెల్డింగ్ చేస్తున్న కుర్రాడు తలెత్తి చూశాడు.

"దీపం మంచిదే అన్నా. దీపం వెనకాల డబ్బా మంచిది కాదు," అన్నాడు భాయ్.

ఆ డబ్బా కథ ఇది. ఎల్ఈడీ దీపం బ్యాటరీ కరెంటుని ఉన్నదున్నట్టు తీసుకోదు. మధ్యలో ఒక చిన్న సర్క్యూట్ ఉండి, కరెంటుని సెకనుకి లక్షలసార్లు వేస్తూ తీస్తూ కావలసిన మోతాదుకి తెస్తుంది. మొబైల్ ఛార్జర్‌లోనూ అదే పని జరుగుతుంది. విజయవాడ 837 కిలోహెర్ట్జ్ అంటే సెకనుకి 8,37,000 కంపనాలు. ఆ సర్క్యూట్ వేగం, దాని రెట్టింపులు, మూడింతలు అన్నీ సరిగ్గా మీడియం వేవ్ మీదే వచ్చి పడతాయి. మన దగ్గర మీడియం వేవ్ 531 నుంచి 1602 కిలోహెర్ట్జ్ దాకా. లోపల చిన్న ఫిల్టరు, చుట్టూ సరైన రేకు తొడుగు ఉంటే ఈ రొద బయటికి రాదు. ఖర్చు మిగుల్చుకోవాలనుకున్నవాడికి ముందుగా కనపడేది ఆ ఫిల్టరే.

ఎఫ్ఎంకి ఈ బాధ తక్కువ. అందులో శబ్దం తరంగం ఎత్తులో ఉండదు, కంపనాల మార్పులో ఉంటుంది. రొద ఎక్కువగా ఎత్తుని చెడగొడుతుంది కాబట్టి రిసీవర్ దాన్ని చాలావరకు కత్తిరించేస్తుంది. మరి మా బండిలో ఎఫ్ఎం కూడా ఎందుకు నీరసంగా ఉంది? దానికి భాయ్ పైకెక్కాడు. టాపు మీద ఏరియల్ దిమ్మ విప్పి చూపించాడు. దిమ్మ కింద పెయింటు దట్టంగా ఉంది. ఏరియల్‌కి బండి రేకే నేల, అంటే ఎర్తు. లోహం లోహాన్ని తాకకపోతే ఆ నేల దొరకదు. సాండ్ పేపర్‌తో వెడల్పాటి ఉంగరమంత మేర తెల్లటి ఇనుము కనపడేదాకా గీకి, గ్రీజు పూసి మళ్లీ బిగించాడు. తర్వాత స్టీరియో బయటికి లాగాడు. వెనక నీలం వైరు టేపు చుట్టుకుని ఊరికే వేలాడుతోంది. పొట్టి ఏరియల్ దిమ్మలో చిన్న యాంప్లిఫయర్ ఉంటుంది. మా బండిలో దానికి కరెంటు ఆ వైరు మీదుగానే వెళ్లాలి. చాలా పికప్‌లు స్టీరియో లేకుండానే వస్తాయి, బయట షాపులో బిగిస్తారు. బిగించినవాడు పాట రాగానే పని అయిపోయిందనుకుంటాడు. పాట పెన్‌డ్రైవ్‌ది.

నీలం వైరు కలపగానే 102.2 గట్టిగా పలికింది. ఇప్పుడు మంగళగిరి, కాజ టోల్‌గేటు, గుంటూరు బైపాస్ అంతా ఎఫ్ఎం శుభ్రంగా వస్తోంది. మీడియం వేవ్ కూడా మెరుగుపడింది, పగలు మాత్రమే. చీకటి పడి దీపాలు వేస్తే మళ్లీ అదే మోత.

ఇక్కడ ఒక వాదన ఎదురవుతుంది. ఛార్జరూ, జీపీఎస్ డబ్బా బయట కొన్నవి, స్టీరియో బయట బిగించింది, కంపెనీని అంటే ఎలా అని. నాకూ ఆ సందేహం వచ్చి రెండో కొత్త బండిని కూడా భాయ్ ముందు పెట్టాను. అందులో బయటి సామాను ఒక్కటీ లేదు. దీపాలు, స్క్రీన్, ఏరియల్ అన్నీ కంపెనీ నుంచి వచ్చినవే. ట్రాన్సిస్టర్ ఆ దీపాల దగ్గర కూడా అరిచింది, స్క్రీన్ దగ్గర మరీ ఎక్కువ అరిచింది.

యార్డులో ఇంకో వ్యాపారి బండిలో సమస్య వేరే. ఆయన స్టీరియోలో 830 నుంచి నొక్కితే 840కి దూకుతోంది. 837 అనే అంకే రాదు. ఎఫ్ఎంలో 102.1 తర్వాత 102.3. సెట్టింగ్స్‌లో ప్రాంతం అమెరికా అని ఉంది. అక్కడ స్టేషన్ల మధ్య ఎడం పది కిలోహెర్ట్జ్, మనకి తొమ్మిది. ఆసియా అని మార్చగానే రెండు స్టేషన్లూ వచ్చాయి. కొన్నప్పటి నుంచీ ఆయన ఆకాశవాణి మూతపడిందనుకుంటున్నాడు. మీ బండిలో కూడా ఒకసారి చూసుకోండి, పైసా ఖర్చు లేని పని.

కడ్డీ ఎందుకు పొట్టిదైంది

పాత బండికి ముందు అద్దం పక్కన స్తంభానికి సాగే ఇనుప కడ్డీ ఉంది. పూర్తిగా లాగితే ముప్పావు మీటరు పైచిలుకు. ఆ కొలతకు లెక్క ఉంది. ఎఫ్ఎం తరంగంలో నాలుగో వంతు పొడవున్న కడ్డీ దాన్ని బాగా పట్టుకుంటుంది. 102.2 మెగాహెర్ట్జ్‌కి అది సుమారు 73 సెంటీమీటర్లు. మీడియం వేవ్‌కి నాలుగో వంతు అంటే దాదాపు తొంభై మీటర్లు, బండి మీద కుదిరేది కాదు. అందుకే దానికి కడ్డీ ఎంత పొడుగుంటే అంత మేలు. కొత్త బండ్ల మీద జానెడు రబ్బరు మొలక, లేదా చేప రెక్క లాంటి ప్లాస్టిక్ బుడిపె. పట్టుకునేది తక్కువ, దాన్ని యాంప్లిఫయర్ పెంచుతుంది. యాంప్లిఫయర్‌కి విజయవాడ స్టేషనూ, హెడ్‌లైట్ రొదా రెండూ ఒకటే, రెండింటినీ పెంచి పంపిస్తుంది.

అయినా పొడుగు కడ్డీ మీద నాకు పూర్తి నమ్మకం కుదరలేదు. యార్డులో లోడు కట్టడం చూసినవాళ్లకి కారణం తెలుసు. టిక్కీలు క్యాబిన్ కంటే ఎత్తుగా పేర్చి, పట్టా కప్పి, హమాలీ ఈ పక్క నుంచి ఆ పక్కకి తాడు విసురుతాడు. తాడు పోయి కడ్డీకి చుట్టుకుంటుంది. అవతలివాడు చూడకుండా లాగుతాడు. కడ్డీ విరుగుతుంది, లేదా మొదలంటా పెకిలి రేకు చిరుగుతుంది. డొంక దారుల్లో తుమ్మ కొమ్మలు సరేసరి. పాత బండికి కడ్డీ ఎన్నోసార్లు మార్పించాం. కంపెనీ ఇంజనీరు ఎవరైనా ఈ మాట అంటే నేను కాదనలేను.

కానీ దారి లేకపోలేదు. వంచితే వంగి మళ్లీ నిలబడే కడ్డీలున్నాయి. ఇంకా చౌక అని అద్దం లోపల అంటించే తీగ ఏరియల్ పెట్టిస్తున్నారు కొందరు. అద్దానికి లోహం కలిసిన సన్ ఫిల్మ్ ఉంటే అదీ దండగే. ఫిల్మే సగం సిగ్నల్‌ని ఆపేస్తుంది.

నిబంధన ఎవరి రేడియోని కాపాడుతోంది

నన్ను బాగా ఆలోచనలో పడేసిన విషయం ఇది. బండ్లు విద్యుదయస్కాంత రొద ఎంతవరకు చేయవచ్చో మన దేశంలో నిబంధన ఉంది. దాని పేరు ఏఐఎస్-004, మూడో భాగం. ఐక్యరాజ్యసమితి రెగ్యులేషన్ 10 దారిలోనే రాసింది. అందులో బండి నుంచి వెలువడే రొదకి పెట్టిన హద్దులు 30 మెగాహెర్ట్జ్ దగ్గర మొదలై 1000 మెగాహెర్ట్జ్ దాకా ఉంటాయి. వాటి ఉద్దేశం రోడ్డు పక్క ఇంట్లోవాళ్ల రేడియో, టీవీ చెడిపోకుండా చూడడం. 837 కిలోహెర్ట్జ్ అంటే 0.837 మెగాహెర్ట్జ్. ఆ మెట్టుకి ఎంతో కింద.

బండి లోపలి రేడియోని కాపాడే ప్రమాణం వేరే ఉంది, సీఐఎస్‌పీఆర్ 25 అంటారు. అది 150 కిలోహెర్ట్జ్ నుంచే మొదలవుతుంది, మీడియం వేవ్‌ని పూర్తిగా కలుపుకుంటుంది. కొలిచే పద్ధతీ, హద్దులూ అన్నీ అందులో ఉన్నాయి. కంపెనీలు తమకు సామాను చేసి ఇచ్చేవాళ్లని దాని ప్రకారం చేయమని అడుగుతుంటాయి. ఏ తరగతి హద్దు పెట్టుకోవాలో మాత్రం కంపెనీ ఇష్టం. అంటే పొరుగువాడి రేడియోకి చట్టం కాపలా ఉంది, డ్రైవర్ రేడియోకి కంపెనీ మనసే కాపలా. కొలిచే పద్ధతి లేక కాదు ఇదంతా, అడిగేవాడు లేక. బండ్ల నిబంధనలు రాసేవాళ్లు హెడ్‌లైట్లు వేసి, ఇంజన్ నడుస్తుండగా మీడియం వేవ్ వినపడాలన్న ఒక్క పరీక్ష చేరిస్తే, ఆ ఫిల్టరు దానంతటదే తిరిగి వస్తుంది.

డిజిటల్ రేడియో వస్తే అంతా సర్దుకుంటుందని ఒక స్నేహితుడు అన్నాడు. ఆకాశవాణి మీడియం వేవ్ మీదే డీఆర్ఎం పద్ధతిలో డిజిటల్ ప్రసారాలు చేస్తోంది, నిజమే. ఆ డిజిటల్ తరంగం కూడా ఈ ఏరియల్‌లోంచే రావాలి, ఈ రొదనే దాటాలి. గరగర బదులు నిశ్శబ్దం వినపడుతుంది.

ఫోన్ ఉందిగా

అన్నిటికన్నా బలమైన ఎదురు వాదన ఇదే. మా చిన్న డ్రైవర్ మొహం మీదే అడిగాడు. "రేడియో ఎవరు వింటారన్నా? ఫోన్‌లో ఏది కావాలంటే అది వస్తుంది. ఆకాశవాణి కూడా యాప్‌లో వస్తుంది." అబద్ధం కాదు. గుంటూరు, విజయవాడల మధ్య హైవే మీద ఫోన్‌లో వచ్చినంత శుభ్రంగా ఏ రేడియో రాదు. ఆ కుర్రాడి వయసు వాళ్లకి స్టేషన్ కోసం ముల్లు తిప్పే ఓపిక ఉండాలని నేను ఆశించను.

కానీ అతనే ఫోన్ చేత్తో పట్టుకుని పాట మారుస్తూ నడపడం నేను చూశాను. 2019 సవరణ తర్వాత చేతిలో ఫోన్‌తో బండి నడిపితే వెయ్యి నుంచి ఐదు వేల దాకా జరిమానా, జైలుకి కూడా ఆస్కారం. రేడియోకి చెయ్యి అక్కర్లేదు. ఒకసారి పెడితే అదే మాట్లాడుతుంది, పాడుతుంది, వార్తలు చెబుతుంది. బొల్లాపల్లి అవతల అడవి పక్క దారుల్లో డేటా వచ్చీ రానట్టు ఉంటుంది. అక్కడ అర్ధరాత్రి లోడుతో వచ్చే మనిషికి నిద్ర ముంచుకొస్తే పక్కన ఒక గొంతు ఉండాలి.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజు మా పాత బండి పర్చూరు వైపు చిక్కుకుంది. కరెంటు లేదు, ఫోన్ కలవడం లేదు. గాలి కాస్త నెమ్మదించగానే పక్కన ఆగిన బండ్లు కదిలాయి. బాబాయ్ కూడా తాళం తిప్పాడు. రేడియోలో తుపాను ఇంకా పూర్తిగా దాటలేదని విని ఆగిపోయాడు. తర్వాత వీచిన గాలికి ముందున్న దారిలో చెట్లు పడ్డాయి. సాయంత్రం ఎప్పటికో ఫోన్ కలిసి ఆయన ఆ మాట చెప్పేదాకా ఇంట్లో ఎవరమూ అన్నం ముట్టలేదు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం మునిగినప్పుడు కూడా చూశాం. ఫోన్లు ఛార్జింగ్ అయిపోయి ఒక్కొక్కటే ఆగిపోయాయి. బండిలో ఛార్జింగ్ పెట్టుకోవచ్చు కదా అంటారు. పెట్టుకోవచ్చు. టవర్‌కి ఎక్కడి నుంచి పెడతాం? పికప్ అంటే నాలుగు చక్రాల మీద తిరిగే పెద్ద బ్యాటరీ. దానికి పనిచేసే రేడియో ఒకటి ఉంటే చుట్టుపక్కల నాలుగిళ్లకి వార్త తెలుస్తుంది. ఇన్ని తుపాన్లు చూసే కోస్తాలో ఆ రేడియో కంపెనీ దయాధర్మం మీద ఆధారపడకూడదని నేను గట్టిగా అంటాను.

వెలుతురు ముఖ్యమా, రేడియో ముఖ్యమా అని బాబాయ్‌నే అడిగాను. పల్నాడు రోడ్ల మీద రాత్రి గేదెలు, దీపాలు లేని ట్రాక్టర్లు ఎదురవుతాయి కాబట్టి వెలుతురే ముఖ్యం అన్నాడు. ఆ మాటతో నాకు పేచీ లేదు. రెండిట్లో ఒకటి వదులుకోమని డ్రైవర్‌ని అడగాల్సిన అవసరం ఎందుకు వచ్చిందన్నదే నా పేచీ. మొదటి బండికి భాయ్ వేరే రకం ఎల్ఈడీ బల్బులు తెచ్చి వేశాడు, వైర్లకి రొదని అడ్డుకునే ఫెరైట్ ముక్కలు తొడిగాడు. మోత పూర్తిగా పోలేదు గానీ, నరసరావుపేట దాకా రాత్రిపూట ప్రాంతీయ వార్తలు అర్థమవుతున్నాయి. ఆటోనగర్ షెడ్డులో ఒక పూటలో అయిన పని అది.

వచ్చే సీజన్‌కి ఇంకో పికప్ తీసుకోవాలి. మొన్న షోరూంకి వెళ్లి ముందే చెప్పాను. డెలివరీ రోజున ఇంజన్ నడుస్తూ, హెడ్‌లైట్లు వెలుగుతూ ఉండగా 837, 102.2 రెండూ నాకు వినిపించాలి, వినపడితేనే సంతకం పెడతాను అని. సేల్స్ కుర్రాడు మర్యాదగానే, ఇలా ఎవరూ అడగలేదండీ అన్నాడు. డెలివరీ కాగితంలో జాకీకి గడి ఉంది, స్టెప్నీకి ఉంది, టూల్ కిట్‌కి ఉంది. రేడియోకి లేదు. కింద ఖాళీలో నా చేత్తో ఒక లైను రాసి, మేనేజరు చేత పొట్టి సంతకం పెట్టించుకుని వచ్చాను. యార్డులో ఈ ఏడు బండ్లు బుక్ చేసినవాళ్లకి ఆ కాగితం ఫోటో పంపుతున్నాను. కావలసినవాళ్లు అడగండి, మీకూ పంపుతాను.